నక్కకి ఏ తూటా? ముందు గొర్రెపిల్లని తిన్నదెవరో తేల్చండి

మన ఇంటి గ్రూపులో ఈమధ్య పెద్ద చర్చే నడిచింది. కోవిల్‌పట్టి వైపు చేలల్లో గొర్రెపిల్లలు పోతున్నాయి, నక్కల్ని అదుపులో పెట్టాలంటే ఏ రైఫిల్ తీసుకోవాలి, ఏ కాలిబర్ అయితే బాగుంటుంది అని. విరుదునగర్ చిన్నాయన .315 అన్నారు. ఆస్ట్రేలియాలో ఉన్న బావ .223 చాలన్నాడు. ఇంకొకరు .22 అన్నారు. వంద మెసేజీలు వచ్చాయి కానీ, ఆ పిల్లల్ని తిన్నది నక్కేనా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

మేము చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు ఎక్కడుందో తేలకుండా మందు వెయ్యకూడదు అనేది మా పనిలో మొదటి పాఠం. అందుకే అందరి మాటా విన్నాక మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాం. ఒక్క ముక్కలో చెప్పాలంటే: మన కరిసల్ నేలలో నక్కకి సరిపోయే కాలిబర్ అనేది లేదు. లైసెన్సుకి అర్జీ పెట్టే ఆలోచన మానుకోవాలి.

బావ చెప్పింది వాళ్ళ దేశానికి సరైన మాటే. ఆస్ట్రేలియాలో ఎర్రనక్క ఆ నేల మీద పుట్టిన జంతువు కాదు. 19వ శతాబ్దంలో వేట సరదా కోసం యూరప్ వాళ్ళు తెచ్చి వదిలారు. అది అక్కడి చిన్నచిన్న జంతువుల్ని తినేస్తోంది, గొర్రెపిల్లల్నీ పట్టుకుపోతోంది. అందుకని దాన్ని చంపడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అలాంటి చోట కాలిబర్ గురించి మాట్లాడుకోవడంలో అర్థం ఉంది. దగ్గర్లో అయితే .22, రెండు వందల మీటర్ల దాకా .223, ఇంకా దూరానికి .22-250, .243. తేలిక తూటా వేగంగా, తిన్నగా పోవాలి, జంతువు బాధపడకుండా ఒక్క దెబ్బకి పోవాలి. వాళ్ళ లెక్క అది. ఆ లెక్కని విమానం ఎక్కించి కోవిల్‌పట్టిలో దింపితే కుదరదు.

ఇక్కడ మనం ఏ జంతువు గురించి మాట్లాడుతున్నామో ముందు చూద్దాం. మన చేలల్లో తిరిగేవి రెండు రకాలు. ఒకటి నక్క, ఎనిమిది పది కిలోలు తూగుతుంది. రెండోది గుంటనక్క, బయలు నేలలో బొరియలు తవ్వుకుని ఉంటుంది, రెండు మూడు కిలోలే. అంటే ఇంట్లో పిల్లి కంటే పెద్దదేం కాదు. తమిళంలో నరి, కుళ్ళనరి అని ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టేస్తారు. మేము చదివింది కన్నడ మీడియం, అక్కడ బళ్ళోనూ రెండిటికీ నరి అనే ఒక్క మాటే సరిపోయేది. పేర్లు కలిసిపోతే నేరాలూ కలిసిపోతాయి. గుంటనక్క తినేది ఎక్కువగా ఎలుకలు, పురుగులు, చెదలు, రేగిపళ్ళు. అప్పుడే పుట్టిన పిల్ల మీదో, కోడి మీదో పడితే పడచ్చు, పెరిగిన గొర్రెని పట్టే శక్తి దానికి లేదు. నక్క చిన్న పిల్లని పట్టగలదు, నిజమే. కానీ అదీ ఎలుకలు తింటుంది, చచ్చిన పశువుల్ని తింటుంది. పెసర, మినుము, మొక్కజొన్న వేసే మనకి ఎలుకల సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. అందులో నక్క, గుంటనక్క రెండూ మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులి, ఏనుగు ఉన్న పట్టికలో. ఆ షెడ్యూల్‌లో ఉన్న జంతువు మనిషి ప్రాణానికి ముప్పు అయితేనో, బతకలేనంత జబ్బు పడితేనో, గాయపడితేనో తప్ప చంపడానికి అనుమతి ఇవ్వరు. ఆ అనుమతి కూడా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి చేతిలోనే. పంట పోయింది, గొర్రె పోయింది అన్నవి కారణాలు కావు. వేట అంటే కాల్చి చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు వెయ్యడం, విషం పెట్టడం, చివరికి ప్రయత్నించడం కూడా వేటే. శిక్ష మూడేళ్ళకి తగ్గదు, ఏడేళ్ళ దాకా పోవచ్చు, ఇరవై ఐదు వేలకి తగ్గని జరిమానా వేరే. తుపాకి లైసెన్సు రద్దు చెయ్యమని కోర్టు చెప్పచ్చు, ఆ పైన ఐదేళ్ళ దాకా కొత్తది రాదు. ఒక గొర్రెపిల్ల కోసం ఇంటి మగపిల్లవాణ్ణి మూడేళ్ళు జైలుకి పంపడానికి మనలో ఎవరు సిద్ధంగా ఉన్నారో చెప్పండి.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి తుపాకి లెక్కే చూసినా అంతే. 1959 ఆయుధ చట్టంలో పంట కాపలా కోసం అని పేరు పెట్టి చెప్పింది గొట్టం ముందునుంచి మందు కూరే పాతకాలపు తుపాకినే, రైఫిల్ని కాదు. మామూలు మనిషికి దొరికే పెద్ద రైఫిల్ అంటే ఇషాపూర్ ఫ్యాక్టరీ .315. అది ఎందుకు పుట్టిందో తెలుసా? సైన్యం వాడే .303 తూటా జనం చేతికి పోకూడదని తెల్లవాళ్ళు పట్టుబట్టడం వల్ల. నక్క కోసమని దాన్ని ఎవరూ చెయ్యలేదు. దాని తూటా 244 గ్రెయిన్లు, అంటే సుమారు పదహారు గ్రాములు. రెండు కిలోల గుంటనక్క మీద అది పేల్చడం, ఈగని రోకలితో కొట్టినట్టే.

పోనీ .22 అంటారా? తూటా రెండున్నర గ్రాములే అయినా, గురి తప్పితే కిలోమీటరు దాటి పోతుంది. మన నేల చూడండి. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు, విరుదునగర్ దాకా అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. తూటాని ఆపడానికి గుట్ట లేదు, గట్టు లేదు. కోత అయ్యాక ఎరువు కోసం చేలల్లో రాత్రిపూట మందలు కట్టిస్తాం. ఆ మంద పక్కనే కాపరి దుప్పటి కప్పుకుని నేల మీద పడుకుని ఉంటాడు. టార్చి వెలుగులో మెరిసే రెండు కళ్ళు నక్కవో, కాపరి కుక్కవో, పొదలో చిక్కిన మేకపిల్లవో వంద గజాల నుంచి ఎవరు చెప్పగలరు?

తుపాకి మాట రాగానే మన ఇళ్ళలో ఇంకొకటి కూడా కదులుతుంది. "మనం పాళెగాళ్ళ కాలం వాళ్ళం, ఆయుధం మనకి కొత్తా" అని. కట్టబొమ్మన ఇంటి భాష తెలుగే. ఆయన్ని 1799 అక్టోబరులో ఉరి తీసిన కయత్తారు కోవిల్‌పట్టికి దక్షిణాన రోడ్డు మీదే ఉంది. 1801లో పాంచాలంకురిచ్చి కోట రెండోసారి పడ్డాక కంపెనీ వాళ్ళు ఈ సీమలో ఆయుధాలు లాక్కున్నారు. 1878లో ఆయుధ చట్టం దేశమంతటికీ వచ్చింది. కర్ణాటకలో కొడవలకి తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు ఇప్పటికీ ఉంది, 2019లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. "వాళ్ళకి ఉంది, మనకి ఎందుకు లేదు" అనే బాధ మాకు అర్థమవుతుంది. కానీ ఆ మినహాయింపుతో కొడవలైనా నక్కని కాల్చకూడదు. కోట కాపాడిన ఆయుధం గొప్పే, బొరియలో పిల్లలకి పాలిచ్చే జంతువు మీద గురిపెడితే ఆ గొప్ప పెరగదు.

అసలు మన పెద్దలు మనకి ఇచ్చిపోయింది తుపాకి కంటే ఎక్కువగా మంద, దొడ్డి, కుక్క. వేంబూరు గొర్రె ఈ నేలదే. రాజపాళయం కుక్క మన రాజుల ఊరి పేరు మోస్తోంది, 2005లో తపాలా బిళ్ళ మీద కూడా ఎక్కింది. చిప్పిపారై కుక్క పేరు కూడా మన చుట్టుపక్కల ఊరిదే. ఇవి ఉండగా కాలిబర్ చర్చ ఎందుకండీ?

అయితే ఏం చెయ్యాలి? మొదటిది, పిల్ల పోయిన చోటికి తెల్లవారగానే వెళ్ళి చూడాలి, ఫోన్లో ఫొటోలు తియ్యాలి. ఒకే రాత్రి నాలుగైదు గొర్రెలు, వెనక తొడల మీద, తోక దగ్గర కాట్లు, తినకుండా వదిలేసిన శవాలు ఉంటే చాలావరకు అది వీధికుక్కల పని. నక్క అయితే ఒక చిన్న పిల్లని ఎంచుకుని ఎత్తుకుపోతుంది, లేదా పొట్ట దగ్గర తిని పోతుంది. కంగేయం, చెన్నిమలై వైపు 2025లో రైతులు రోడ్డెక్కింది వీధికుక్కలు గొర్రెల్ని చంపుతున్నాయనే, నక్కల మీద కాదు. పశువుల డాక్టరు చేత చూపించి కాగితం తీసుకుంటే నష్టపరిహారం అడగడానికీ అదే ఆధారం.

రెండోది, ఈనే గొర్రెల్ని, నెల లోపు పిల్లల్ని రాత్రి బయట ఉంచకూడదు. దొడ్డికి కంచె వేస్తే అడుగున ఒక అడుగు నేలలోకి పాతాలి, లేకపోతే గుంటనక్క తవ్వుకుని వస్తుంది. మూడోది, చచ్చిన గొర్రెని, మాయని చేను గట్టున పారెయ్యకుండా లోతుగా పూడ్చాలి. ఆ వాసనే కుక్కల్నీ, నక్కల్నీ మంద దగ్గరికి పిలుస్తుంది. నాలుగోది కుక్క. వేట కుక్క వేరు, మంద కుక్క వేరు. కూనగా ఉన్నప్పటి నుంచే గొర్రెల మధ్య పెంచితేనే అది మందని తన ఇల్లు అనుకుంటుంది. రేబిస్ టీకా మాత్రం మరిచిపోవద్దు.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. శవానికి విషం పూయడం, మాంసంలో నాటు బాంబు పెట్టడం, కంచెకి ఇంటి కరెంటు కలపడం. వీటికి నక్క ఎవరో, కాపరి పిల్లవాడెవరో తెలీదు.

"మీరు బెంగుళూరులో కూర్చుని నీతులు చెప్తారు, పోయేది మా గొర్రె" అని చిన్నాయన అన్నారు. అందులో న్యాయం ఉంది. నక్క బతకాలని దేశమంతా కోరుకుంటే, ఆ ఖర్చు ఒక్క కాపరి మీద వెయ్యడం అన్యాయం. పిల్లకి ధర కట్టి, తిప్పించకుండా నెలలో డబ్బివ్వాలని అడగాలి. దానికి మన కుటుంబం మొత్తం సంతకం పెడుతుంది.

తుపాకి నిజంగా అవసరమయ్యే చోటు ఒకటుంది, అది అడవిపంది. మొక్కజొన్న చేను ఒక్క రాత్రిలో దున్నేస్తుంది. అది రెండో షెడ్యూల్, పంట నష్టం కారణంగా చట్టం దారి ఇస్తుంది. తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో, రిజర్వు అడవికి మూడు కిలోమీటర్లు దాటిన చోట అటవీ సిబ్బంది చేత పందుల్ని కాల్పించడానికి ఒప్పుకుంది. అక్కడైనా కాల్చేది శిక్షణ ఉన్న సిబ్బందే, మనం కాదు. పంది మీద కోపం నక్క మీద తీర్చుకోవద్దు.

తెలుగులో అదృష్టం పడితే నక్క తోక తొక్కాడంటాం. మన చుట్టూ ఉన్న తమిళులు నరి ముఖంలో కళ్ళు తెరిచాడంటారు. రెండు భాషల మధ్య బతికే మన ఇళ్ళలో ఆ రెండు మాటలూ మిగిలి ఉన్నాయి. ఆ జంతువు కూడా మిగలాలి.

సంక్రాంతికి అందరం కోవిల్‌పట్టిలో కలుస్తాం కదా. లైసెన్సు అర్జీకి పెట్టాలనుకున్న ఖర్చుని దొడ్డి కంచెకి, రెండు కుక్కపిల్లలకి పెడదాం. మా వంతు డబ్బు సిద్ధంగా ఉంది. అప్పటిదాకా ఏ పిల్ల పోయినా తేదీ, చోటు, కాటు ఫొటో గ్రూపులో పెట్టండి. పట్టిక మేము రాసి ఉంచుతాం.