కూర్చున్న కొమ్మ నరుక్కుంటే... కన్సోల్ కేబులే దిక్కు!

ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సు దిగి ఏఎస్ రావు నగర్ వైపు రోజూ నడిచేవాళ్లలో ఎంతమందికి ఆ ఏఎస్ రావు ఎవరో తెలుసు? అయ్యగారి సాంబశివరావు. 1967లో ఈసీఐఎల్ మొదలైనప్పుడు దాన్ని నిలబెట్టిన శాస్త్రవేత్త. ఆ ఉద్యోగులు ఇళ్లు కట్టుకున్న కాలనీకే ఆయన పేరు పెట్టారు. ఈసీఐఎల్ అనగానే ఇప్పటివాళ్లకి ఈవీఎంలు గుర్తొస్తాయి గానీ, 1969లోనే ఆ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది.

ఆ తరం కంప్యూటర్లకి మనం చూసే మానిటర్లు ఎక్కడివి? టెలిటైప్ అనే టైపు మిషన్ లాంటిదే చాలాచోట్ల దిక్కు. మీరు కొట్టిన అక్షరం తీగలో ఒక్కో బిట్‌గా, వరసగా వెళ్తుంది. జవాబు కాగితం మీద టకటకా పడుతుంది. 110 బాడ్ వేగం, అంటే సెకనుకి పది అక్షరాలు. ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ అదే పద్ధతి, కాస్త వేగం పెంచుకుని, ఇవాళ్టి డేటా సెంటర్లలో కూడా బతికే ఉంది. లైనక్స్‌లో టెర్మినల్ పేర్ల ముందు కనిపించే 'టీటీవై' ఆ టెలిటైపే.

ఇంకా ఎందుకు బతికుందో చూద్దాం. బ్లేడ్ సర్వర్లుండే పెద్ద పెట్టె, అంటే చాసిస్, వెనకవైపు నెట్‌వర్క్ మాడ్యూల్ ఉంటుంది. లోపలి సర్వర్లన్నీ బయటి ప్రపంచంతో మాట్లాడేది దాని ద్వారానే. దాన్ని సెట్ చేయడానికి మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్ ఉంటుంది, దానికో ఐపీ అడ్రస్ ఉంటుంది. మామూలు రోజుల్లో కుర్చీలోంచి లేవకుండా ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయిపోతాం.

ఇప్పుడు ఇలా ఊహించుకోండి. రాత్రి పదకొండు, కొత్త ఉద్యోగం. మేనేజ్‌మెంట్ వీల్యాన్ నంబర్ మార్చి ఎంటర్ కొట్టారు. స్క్రీన్ బిగుసుకుపోయింది. పింగ్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. మీరు మార్చింది మీరు వచ్చిన దారినే! కూర్చున్న కొమ్మని నరుక్కోవడమంటే ఇదే. తప్పు సరిచేయాలంటే లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లాలంటే ఆ తప్పు సరిచేయాలి.

పెద్దవాళ్లకీ ఇది తప్పలేదు. 2021 అక్టోబర్ 4 రాత్రి, మన టైము ప్రకారం తొమ్మిది దాటాక, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మూడూ ఒకేసారి పడిపోయాయి గుర్తుందా? మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్లని కలిపే లైన్లన్నిటినీ తెంపేసింది. దూరం నుంచి సరిచేద్దామంటే మామూలు నెట్‌వర్క్ దారీ లేదు, అత్యవసరానికని విడిగా పెట్టుకున్న దారీ పనిచేయలేదు. చివరికి ఇంజనీర్లని మనుషుల్నే డేటా సెంటర్లకి పంపాల్సి వచ్చింది. అంతా మామూలు కావడానికి ఆరు గంటలు పట్టింది. ఎంత క్లౌడ్ అన్నా, ఎక్కడో ఒకచోట పెట్టె ముందు నిలబడాల్సిన మనిషి కావాలి.

అలా నిలబడిన మనిషి చేతిలో ఉండాల్సింది కన్సోల్ కేబుల్. మాడ్యూల్ మీద 'కన్సోల్' అని రాసి ఉన్న పోర్టు నేరుగా దాని బుర్రతో మాట్లాడుతుంది. ఐపీ అక్కర్లేదు, వీల్యాన్ అక్కర్లేదు. నెట్‌వర్క్ మొత్తం చచ్చిపోయినా, పెట్టెకి కరెంటుండి అది బూటవుతుంటే చాలు.

లాప్‌టాప్‌లకి పాత తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఎప్పుడో పోయింది కాబట్టి, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ కొనాలి. కొన్ని వందల్లోనే దొరుకుతుంది. విండోస్‌లో పుట్టీ తెరిచి, డివైస్ మేనేజర్‌లో కనిపించిన కామ్ పోర్టు నంబరిచ్చి, 9600 బాడ్, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ పెట్టండి. అన్నట్టు, లాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు. ఓటీజీ ఉన్న చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సీరియల్ టెర్మినల్ యాప్ వేసుకుని ఇదే కేబుల్ గుచ్చినా పని జరిగిపోతుంది. రాక్ సందులో లాప్‌టాప్ మోయడం కన్నా నాకైతే ఇదే నయమనిపిస్తుంది.

కనెక్ట్ అయ్యాక ఖాళీ స్క్రీన్ చూసి భయపడకండి, ఒకసారి ఎంటర్ కొట్టండి. పిచ్చి గుర్తులు వస్తే వేగం తప్పు; చాలా కొత్త పరికరాలు 115200 అడుగుతాయి. అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి గానీ మీరు కొట్టేది ఎక్కట్లేదా? కొత్తవాళ్లు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. కేబుల్ పోయిందనుకుని ఇంకోటి కొనేస్తారు కూడా. చాలాసార్లు తప్పు ఫ్లో కంట్రోల్ సెట్టింగ్‌ది. అది 'నన్' అని పెట్టి మళ్లీ చూడండి.

ఇంకో చిక్కు, ఆకారం చూసి మోసపోవడం. ఆర్‌జే-45 పోర్టు కనిపించగానే మామూలు లాన్ కేబుల్ పెడితే కుదరదు. ఒక కంపెనీ కన్సోల్ కేబుల్ ఇంకో కంపెనీ పెట్టెకి సరిపోతుందని గ్యారంటీ కూడా లేదు, లోపల పిన్నుల వరస వేరే ఉండొచ్చు. కొన్ని మాడ్యూళ్లలో యూఎస్‌బీలా కనిపించే పోర్టు నిజానికి సీరియల్. కొన్ని యూపీఎస్‌ల సీరియల్ పోర్టుకి మామూలు కేబుల్ గుచ్చితే యూపీఎస్ ఆగిపోతుంది, దాంతో రాకంతా చీకటి! మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చదివాకే చెయ్యి పెట్టండి. ఒక్కోసారి మాడ్యూల్ వెనకదాకా వెళ్లే పని కూడా ఉండదు. కొన్ని చాసిస్‌లలో మేనేజ్‌మెంట్ కంట్రోలర్‌లోకి లాగిన్ అయి 'కనెక్ట్' కమాండ్ ఇస్తే, లోపలి నుంచే ఆ మాడ్యూల్ కన్సోల్ తెరుచుకుంటుంది.

ఈ దారి ఎంత బలమైందో అంత ప్రమాదం కూడా. చాలా పరికరాల్లో మర్చిపోయిన పాస్‌వర్డ్‌ని తీసేసి కొత్తది పెట్టుకునేది కన్సోల్ నుంచే. అంటే పెట్టె దగ్గరికి చేరినవాడి చేతిలో సగం తాళం ఉన్నట్టే. రాక్‌లకి తాళాలు, డేటా సెంటర్ గుమ్మంలో అన్ని రిజిస్టర్లు అందుకే. మీది కాని పెట్టెకి, అనుమతి లేకుండా కేబుల్ గుచ్చకండి. ఉద్యోగమే కాదు, కేసూ అవుతుంది.

పనైపోయాక కేబుల్ పీకేసి వెళ్లిపోతారు చాలామంది. చాలా పరికరాలకి మీరు వెళ్లిపోయిన సంగతే తెలీదు, సెషన్ అలాగే తెరిచి ఉంటుంది. టైమౌట్ అయ్యేలోపు వచ్చి గుచ్చినవాడికి మీ అడ్మిన్ ప్రాంప్ట్ నేరుగా చేతికొస్తుంది. అందుకే ముందు సేవ్ చేయండి, తర్వాత 'ఎగ్జిట్' కొట్టండి, మళ్లీ లాగిన్ అడుగుతోందో లేదో చూసుకుని అప్పుడు కేబుల్ తీయండి.