కుక్కగిన్నె బాధ్యత ఎవరిది?

భవానీపురంలో సాయంత్రం పూట పున్నమి ఘాట్ వైపు నడకకు వెళ్తే, కుక్కను తిప్పుతున్న స్కూలు పిల్లలు ఒకరిద్దరైనా ఎదురవుతారు. "దీనికి రోజూ ఏం పెడతారమ్మా?" అని అడిగి చూడండి. "మేం తినేదే పెడతాం" అనో, "ప్యాకెట్ ఫుడ్" అనో చెప్తారు. "అమ్మ పెడుతుంది, నాకు తెలీదు" అన్న జవాబు కూడా వస్తుంది. ఈ నాలుగు మాటలూ ఆ చివరి జవాబు గురించే.

సూటిగా చెప్తాను. కుక్కను పెంచే ఇంట్లో, వారానికి ఒక్క పూటైనా దాని తిండి పిల్లల చేతుల మీదుగా తయారవ్వాలి. మీరు పక్కనే ఉండాలి, కానీ పని వాళ్ళు చెయ్యాలి.

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండుగ. టర్కీ కోడి, గుమ్మడికాయ అప్పటి ముఖ్యమైన వంటలు. ఆ రెండూ కలిపి కుక్కకు కూడా వండిపెట్టవచ్చు. మనకు టర్కీ దొరకడం కష్టం, బ్రాయిలర్ కోడి చాలు. గుమ్మడికాయ మాత్రం మనం దప్పళంలో వేసే తియ్య గుమ్మడే. గుమ్మానికి దిష్టికి కట్టే బూడిద గుమ్మడి కాదు.

చేసే విధానం సులువు. ఎముకలు, చర్మం, కొవ్వు తీసేసిన కోడి మాంసాన్ని ఉత్త నీళ్ళలో బాగా ఉడికించాలి. గుమ్మడి ముక్కల చెక్కు, గింజలు తీసి, ఆవిరి మీద ఉడికించి మెత్తగా మెదపాలి. మెత్తగా వండిన అన్నంలో రెండూ కలిపి, పూర్తిగా చల్లారాక పెట్టాలి. గుమ్మడి చిన్న కుక్కకు ఒక చెంచా, పెద్దదానికి రెండు మూడు చెంచాలు చాలు. అందులో పీచు, నీరు ఎక్కువ కాబట్టి విరేచనం సాఫీగా అవుతుంది. మోతాదు మించితే అదే పొట్టను పాడు చేస్తుంది. కొత్త తిండిని ఒక్కసారిగా పెట్టకండి. వారం పది రోజుల పాటు పాత తిండిలో కొంచెం కొంచెంగా కలపండి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడేయండి.

ఉప్పు, కారం, నూనె, తాలింపు ఏమీ వద్దు. పిల్లలు మొదట ఇక్కడే ఆగిపోతారు. "రుచీ పచీ లేకుండా ఎలా తింటుంది?" అని జాలిపడతారు. మన నాలుకకు రుచి లేకపోవచ్చు, కుక్కకు ఆ కోడి వాసనే చాలు. మనకు నచ్చింది పెట్టడం వేరు, ఎదుటి ప్రాణికి సరిపడేది పెట్టడం వేరు. ఈ తేడాను వంటగదిలో అరగంటలో నేర్చుకుంటారు.

ఇది జాలితో తేలిపోయే విషయం కాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. వండినా, పొడి చేసినా వాటి విషం పోదు. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండాలను పాడు చేయగలవు. చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ ప్రాణం మీదికి తెస్తాయి. ఉడికిన ఎముక పెళుసుగా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఇప్పుడు ఆదివారం మిగిలిన బిర్యానీనీ, పండగనాటి పాయసాన్నీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ప్రేమతో పెట్టే ఆ గిన్నెలో వీటిలో ఎన్ని ఉన్నాయి?

అలాగని ఇంటి వంట అనగానే మంచిదని ధీమా పడకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు ఇంట్లో చేసుకునే 200 కుక్క వంటకాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్య పోషకమైనా తగినంత లేదు. మన కోడి, గుమ్మడి, అన్నం కూడా అలాంటిదే. ఎముకలేని మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఎదిగే కుక్కపిల్లకు నెలల తరబడి ఇదే పెడితే ఎముకలు బలహీనపడి కాళ్ళు వంకర పోతాయి. కాబట్టి ఇది వారంలో ఒకటి రెండు పూటలకు పరిమితం. రోజూ ఇంటి తిండే పెట్టాలనుకుంటే, కాల్షియం ఏ మోతాదులో కలపాలో పశువైద్యుణ్ణి అడిగి తీరాలి. మాంసం వండని ఇళ్ళలో పెరుగన్నంతో సరిపెట్టేవారికీ ఇదే మాట. మనకు దగ్గర్లో గన్నవరంలోనే పశువైద్య కళాశాల ఉంది. వెళ్ళేటప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళండి, ప్రశ్నలు వాళ్ళనే అడగనివ్వండి. సైన్సు పుస్తకంలో బట్టీపట్టిన ఖనిజ లవణాలు ఎందుకో అక్కడ అర్థమవుతుంది.

"ట్యూషన్లు, పరీక్షల మధ్య వాళ్ళకు ఇంత తీరికెక్కడిది?" అని మీరు అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మార్కులు బాగా వస్తే కుక్కపిల్లను కొనిస్తామని మాట ఇచ్చేది మనమే. కుక్క పదేళ్ళకు పైగా బతుకుతుంది. ఏడో తరగతిలో తెచ్చుకున్న పిల్ల, మీ అబ్బాయి ఇంటర్ హాస్టల్‌కు వెళ్ళేనాటికి పూర్తిగా ఎదిగిన కుక్క అవుతుంది. అప్పుడు దాన్ని ఎవరికో ఇచ్చేయడమో, వీధిలో వదిలేయడమో జరిగితే, ఆ పిల్లవాడు మన దగ్గర నేర్చుకునే పాఠం ఏమిటి?

ఇంకో మాట. కుక్క మన పిల్లలకు బోధనా పరికరం కాదు. వాళ్ళు బాధ్యత నేర్చుకునేదాకా అది పస్తుండలేదు. పిల్లలు మరిచిన రోజు గిన్నె నింపాల్సింది మనమే. నింపండి, కానీ ఆ సంగతి వాళ్ళకు చెప్పకుండా ఉండకండి. చిన్నపిల్లలు గిన్నె పెట్టేటప్పుడు పక్కనే ఉండండి. తింటున్న కుక్కను ముట్టుకోకూడదని, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలని నేర్పండి.

వచ్చే ఆదివారం ఒక గుమ్మడి ముక్క కొనండి. పొయ్యి దగ్గర మీరుండి, గుమ్మడి మెదిపే పని, కొలిచే పని, గిన్నె పెట్టే పని పిల్లలకు వదలండి. ఇంట్లో కుక్క లేక, తెచ్చుకోవాలన్న పేచీ మాత్రమే ఉంటే, కొనేముందు వాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: "నువ్వు హాస్టల్‌కు వెళ్ళాక దీనికి ఎవరు వండుతారు?" ఆ జవాబు ఇంటిల్లిపాదీ కలిసి చెప్పగలిగినప్పుడే కుక్కపిల్లను తెచ్చుకోండి.