అమ్ముటయు నొక విద్యయే

మన పాఠశాలలలో గణితము, చరిత్రము, ప్రకృతిశాస్త్రము, భాషలు బోధింపబడుచున్నవి. ఆటలకును పాటలకును గూడ వేళ గలదు. కాని లోకమున ననేకుల జీవనమున కాధారమైన యొక పనిని గూర్చి మనము విద్యార్థులతో మాటాడుట మిక్కిలి యరుదు. అది అమ్ముట. పండించినవాడు పంటను, నేసినవాడు బట్టను, వైద్యుడు తన నేర్పును, కూలివాడు తన కాయకష్టమును ఇతరులకు అమ్మియే బ్రదుకుచున్నారు. ఉద్యోగమునకై పరీక్షకుల యెదుట గూర్చుండు యువకుడు సైతము తన శక్తి యిట్టిదని చెప్పి, దానికి వెల యడుగుచున్నాడు. అయినను అమ్మకమనగానే మన యిండ్లలో నొక చిన్నచూపు గలదు. “ఇంత చదువు చదివి యంగడిలో గూర్చుందువా?” యని తల్లిదండ్రులే పిల్లల నడుగుచుందురు. ఈ చిన్నచూపు తగదనియు, అమ్ముటను సత్యముతో గూడిన యొక విద్యగా మనమే పిల్లలకు నేర్పవలసియున్నదనియు నా యభిప్రాయము.

“ఉద్యోగం పురుషలక్షణం” అను నానుడి పెద్దల నోట దఱచుగా వినబడును. జనులు దీనిని సర్కారు కొలువనియో, నెల జీతమనియో యర్థము చేసికొనుచున్నారు. కాని సంస్కృతమున ఉద్యోగమనగా పూనిక, ప్రయత్నము. మహాభారతమునందలి ఉద్యోగపర్వమున కాపేరు జీతపు కొలువును బట్టి వచ్చినది కాదు. యుద్ధమునకు పూర్వము జరిగిన ప్రయత్నములను బట్టి వచ్చినది. కావున తెల్లవాఱక మునుపే లేచి, చేపల తట్ట నెత్తిన బెట్టుకొని యూరూర దిరుగు స్త్రీయు, సంతలో కూరగాయలు పఱచుకొని ప్రొద్దుగ్రుంకువఱకు గూర్చుండు ముదుసలియు ఉద్యోగము చేయుచున్నవారే. ఆ లక్షణము పురుషులకే చెందినది కాదని గూడ వారే నిరూపించుచున్నారు.

ఈ చిన్నచూపు వలన పిల్లలకు రెండు విధముల కీడు గలుగుచున్నది. మొదటిది, అంగడి నడుపువారి బిడ్డలు, తోపుడుబండిపై సరుకు లమ్మువారి బిడ్డలు తమ తల్లిదండ్రుల పనిని తరగతిలో జెప్పుకొనుటకు సిగ్గుపడుట. ఏ సంపాదనతో తన పుస్తకములు కొనబడుచున్నవో, ఆ సంపాదననే దాచిపెట్టవలసి వచ్చుట బాలుని మనస్సునకు గొప్ప గాయము. రెండవది యింతకంటె నపాయకరమైనది. మనము బోధింపని దానిని ఇతరులు వచ్చి బోధించుచున్నారు.

పట్టణములలో విశాలమైన మందిరములను అద్దెకు గొని, యువకులను బిలిపించి, నీవు తలచిన చాలు, ధనవంతుడవగుదువని గంటల తరబడి ప్రసంగించువారు గలరు. చప్పట్లు మ్రోగును, ఈలలు వినబడును. తుదకు బయటపడు విషయ మేమనగా, వినవచ్చినవాడు కొంత సొమ్ము చెల్లించి యొక సరుకు మూట గొనవలెను. తనవలెనే సొమ్ము చెల్లించు మఱి కొందఱను జేర్పవలెను. వీనినే జనులు గొలుసుకట్టు పథకము లనుచున్నారు. మన గణితపు తరగతి బాలుడు సైతము వీని గుట్టు బయట పెట్టగలడు. ఒకడు ఆర్గురను, ఆ యార్గురిలో నొక్కొక్కడు మఱి యార్గురను జేర్చినచో, పండ్రెండవ మెట్టున జేరవలసినవారు 217 కోట్లకు మించుదురు. భారతదేశ జనసంఖ్య యంతయు 150 కోట్లు లేదు! అనగా పైమెట్టువాని లాభము క్రిందిమెట్టువాని నష్టముతోనే నిండవలసియున్నది. ఇట్టి ధన పరిభ్రమణ పథకములను 1978వ సంవత్సరపు చట్టము నిషేధించినది. సరుకుల విక్రయమను పేరిట వీనిని నడుపరాదని 2021వ సంవత్సరపు నిబంధనలును శాసించినవి. అయినను నగలు తాకట్టు పెట్టి యిందు జేరువారు, తమ మేనమామలను పినతల్లులను జేర్చి, పిమ్మట వారి మొగము చూడలేక తప్పించుకొని తిరుగువారు గలరు. ధనము పోయిన మరల వచ్చును. బంధువుల నమ్మకము పోయిన వచ్చుట కష్టము.

ఉత్సాహము చెడ్డదని నేను చెప్పుట లేదు. ఉత్సాహము లేనివా డే పనియు నారంభింపలేడు. కాని కర్పూరము భగ్గున మండును; ఆ మంటపై నన్నము వండుకొన జాలము. వంట కాదారమైనది పొయ్యిలో నిలకడగా మండు కట్టె. ప్రసంగము వినినంతనే కలుగు నుత్సాహము కర్పూరము వంటిది. దినదినము వేళకు లేచి, లెక్క వ్రాసికొని, ఇచ్చిన మాట నిలుపుకొను నలవాటు కట్టె వంటిది. విజయమునకు వలసినది యీ రెండవదియే.

మంచి యమ్మకమున కుదాహరణము మనవారిలోనే కలదు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కృష్ణా మండలమున జన్మించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో జదివి పట్టభద్రులైరి. వారు కొలువునే పరమావధిగా నెంచక, 1893వ సంవత్సరమున బొంబాయిలో అమృతాంజనము నమ్మ నారంభించిరి. అప్పటి కాపేరు జను లెఱుగరు. అందుచే పంతులుగారు సంగీత సభలకు వచ్చినవారికి దానిని మచ్చునకై యుచితముగా బంచిపెట్టిరని ప్రసిద్ధి. ఇందు గమనింపవలసిన విషయ మొకటి గలదు. తన సరుకుపై తనకే నమ్మకము లేనివాడు మచ్చు చూపుటకు జంకును. మాటలతోనే బేరము ముగింప జూచును. మచ్చు నిచ్చువాడు, నా మాటను గాక నీ యనుభవమునే నమ్ముమని కొనువానితో జెప్పుచున్నాడు. అటుల సంపాదించిన ధనము వారి పెట్టెలోనే నిలిచిపోలేదు. 1908లో వారపత్రికగా వెలువడి, 1914లో మద్రాసున దినపత్రికయైన ఆంధ్రపత్రికయు, 1924లో నారంభమైన భారతి మాసపత్రికయు, ఆంధ్ర గ్రంథమాలయు తెలుగువారికి లభించుట కా తలనొప్పి మందే తోడ్పడినది. పంతులుగారు 1938లో గతించిరి. ఆ మందు నేటికిని విక్రయింపబడుచున్నది.

అమ్మకమునకు గీటురాయి మొదటి కొనుగోలు కాదు, రెండవ కొనుగోలు. మొదటిసారి కొనువాడు మన మాట విని కొనును. రెండవసారి కొనువాడు మన సరుకు నెఱిగి కొనును. వేసవిలో మామిడిపండ్ల బేరమును జూడుడు. కార్బైడు వేసి మాగించిన కాయలు పైకి పచ్చగా మెఱయును. లోపల రుచి యుండదు, ఆరోగ్యమునకును హాని. 2011వ సంవత్సరపు ఆహార నిబంధనలు దానిని నిషేధించినవి. అట్టి కాయల నమ్మినవాడు ఆనాటికి గెలిచినట్లే కనబడును. కాని, “అమ్మా, ఇవి నేటికి పనికిరావు, రెండు దినములు గడ్డిలో నుంచి తినుడు” అని చెప్పి యిచ్చినవాని బండి కొఱకు ఆ యిల్లాలు మరుసటి వారము వీధి వాకిట నిలుచును. ఆమె యెదురుచూపే యాతని మూలధనము.

“లోపము చెప్పినవాని సరుకు మిగిలిపోవును, బొంకినవానిది చెల్లిపోవును. బీదవానికి సత్య మెటుల గిట్టును?” అని కొందఱడుగవచ్చును. ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. సత్యమాడిన ప్రతివానికిని ధనము చేకూరునని పిల్లలకు మాట యిచ్చుట గూడ నొక విధమగు అబద్ధపు టమ్మకమే. నిజాయతీపరుడైన వర్తకుడు నష్టపోయిన దినములును గలవు. అయినను రెండు విషయములు చెప్పవచ్చును. దారిన బోవువారికి సరుకు నమ్మువానికి బొంకు కొంత చెల్లవచ్చును. ఒకే వీధిలో నిరువది యేండ్లు బ్రదుక దలచినవానికి చెల్లదు. మఱియు, తూనికలో తగ్గించి తెచ్చిన రూపాయితో గొన్న యన్నమును తన బిడ్డ తినునప్పుడు, ఆ బిడ్డ తక్కెడను గూర్చి యడిగిన తండ్రి యేమి చెప్పును? పరిశుద్ధ గ్రంథమున సామెతల గ్రంథపు 11వ అధ్యాయము త్రాసును గూర్చిన మాటతోనే యారంభమగుచున్నది. అంగడి బల్ల గూడ దైవసన్నిధియే యని దాని భావము.

కావున విద్యార్థులు ఈ కొలది యలవాట్లను ఇప్పటినుండియే యలవఱచుకొన వలయును. మాటాడుటకు ముందు వినుడు. కొనువానికి వలసిన దేదో తెలియక పొగడ్తలు గుప్పించుట వృథా. వెల చెప్పుటకు ముందే లోపమును జెప్పుడు. కొసరు వేయుట మంచిదే, కాని తూకము సరిగా నున్న పిమ్మటనే. తూకములో దొంగిలించి కొసరు వేయుట దానము కాదు. ఏనాటి లెక్క నానాడే చిట్టాలో వ్రాయుడు. అరువిచ్చినది లాభము కాదని మఱవకుడు. “వద్దు” అన్నవానికి గూడ నమస్కరించి పంపుడు. నేడు వద్దన్నవాడు రేపు రావచ్చును.

ఈ విషయమున బడికి గూడ గర్తవ్యము గలదు. వార్షికోత్సవపు దినమున బాలబాలికలు తమ చేతిపనులను, తోటలో బెంచిన మొక్కలను, ఇంట జేసిన పచ్చళ్లను ఒక చిన్న సంతగా పెట్టి యమ్మవచ్చును. ఎవ డెక్కువ ధనము దెచ్చెనో వానికి గాక, ఎవని చిట్టా సరిగా నున్నదో, ఎవనియొద్ద గొన్నవారు మరల కొందుమని చెప్పిరో వానికి బహుమాన మియ్యవలయును. ఆ సంతకు తల్లిదండ్రులలో నంగడి నడుపువారిని బిలిచి, బల్లయొద్ద గూర్చుండబెట్టి, బేరమును గూర్చి వారిచే పిల్లలకు పాఠము చెప్పింపవలయును. ఆ దినమున తన తల్లి తన యుపాధ్యాయుని ప్రక్కన నిలిచి తక్కెడ పట్టుట నేర్పుచుండగా జూచిన బాలిక, ఆమె పనిని చెప్పుకొనుట కిక సిగ్గుపడదు. పిమ్మట నెవడైన వచ్చి సులభముగా కోటీశ్వరురాలవగుదువని మెఱయు మాటలు చెప్పినను, “ముందు నీ సరుకు మచ్చు చూపుము, నీ లెక్క చూపుము” అని యడుగగలదు.