కొడుకు అని వ్రాయలేని కీబోర్డు

అమెరికాదేశమున క్రిస్టఫర్ షోల్స్ ప్రభృతులు 1868లో పేటెంటు పొందిన టైపురైటరు 1874లో రెమింగ్టను వారి కర్మాగారమునుండి వెలువడినది మొదలు, వ్రాతపని చేయువాని రెండు చేతులును ఒకే పలకమీదికి చేరి, భుజములు లోనికి ముడుచుకొని, మణికట్టులు వెలుపలికి వంగి పనిచేయవలెనను నియమము ఎవరును శాసింపకయే శాసనమై కూర్చున్నది. దానిని ప్రశ్నించినవారు లేకపోలేదు. 1926లోనే జర్మనీలో క్లాకెన్‌బర్గ్ అను నతడు మీటల పలకను నడుమ చీల్చి, చెరియొక చేతికి చెరియొక భాగము నీయవలెనని ప్రతిపాదించెను. 1970లలో ఇంగ్లండున లిలియన్ మాల్ట్, స్టీఫెన్ హాబ్డే అనువారు వ్రేళ్ల పొడవు పొట్టులనుబట్టి పలకను గుంటలుగా మలచి, అంతవరకు ఖాళీస్థలపు మీట నొక్కుటకు తప్ప మరి దేనికిని పనికిరాని బొటనవ్రేళ్లకు ప్రత్యేకముగా మీటల గుంపు నొసగిరి. చీలిక వలన మణికట్టు వంపు తగ్గునన్నది కొలిచి చూచిన విషయమే. నొప్పులు మాయమగుననుట మాత్రము అమ్మకందార్ల మాట; దానిని నేను సమర్థింపను.

అయితే ఈ చీలిక వెంట వచ్చిన స్వాతంత్ర్యమొకటి కలదు. ఏ కీబోర్డు గర్భమునందైనను గోరంత చిప్పు ఉండును. మీటలన్నియు అడ్డువరుసలు, నిలువువరుసలుగా అల్లిన తీగల కూడళ్లయందు అమరియుండగా, ఆ చిప్పు సెకనుకు వందలకొలది మారులు ఒక్కొక్క వరుసను తడవి చూచి, ఏ కూడలి కలిసినదో కనుగొని కంప్యూటరునకు ఒక సంఖ్యను పంపును. ఆ సంఖ్యను అక్షరముగా మార్చుకొనుట కంప్యూటరు పని. ఏ మీటకు ఏ సంఖ్య అను పట్టిక, చిప్పును నడపు ఫర్మ్‌వేరు అను ప్రోగ్రామునందు వ్రాయబడియుండును. అంగడిలో దొరకు సామాన్యపు కీబోర్డున ఆ పట్టిక తయారీదారు వ్రాసినదే గాన, సొమ్మిచ్చి కొన్నవానికి దానిని చదువుటకు గాని దిద్దుటకు గాని వీలులేదు. 2010 తరువాత ఎర్గోడాక్స్, కోర్నె మున్నగు చీలిక కీబోర్డుల నమూనాలను వాని కర్తలు లోకమునకు బహిరంగముగా నీయగా, జపాను ప్రోగ్రామరొకరు రచించిన టీఎంకేనుండి పుట్టిన క్యూఎంకే వానికి ఫర్మ్‌వేరు సమకూర్చినది. ముప్పదిరెండు కిలోబైట్ల చిప్పులో సైతము ఇమిడిపోవు ఈ ప్రోగ్రాము పుణ్యమున, ఒకే మీట తట్టినప్పుడు అక్షరమును, పట్టియుంచినప్పుడు కంట్రోలు మీటయు కాగలదు. తట్టుటకును పట్టుటకును నడుమ గడువు 200 మిల్లీసెకన్లని మొదట నియమింపబడియుండును, అది నచ్చనివాడు తన వ్రేళ్ల తీరునుబట్టి మార్చుకొనవచ్చును. మీటల పట్టికలనే పొరలుగా అమర్చి, ఒక పొరక్రింద మరియొక పొర, దానిక్రింద వేరొకటి, ఇట్లు ఉన్న కొలది మీటలతోనే వందల సంకేతములు పలికింపవచ్చును. తీగలేని కీబోర్డులకై 2020లో జడ్‌ఎంకే అను వేరొక ప్రయత్నము మొదలై, అదియు నేడు బాగుగా నడచుచున్నది.

క్యూఎంకే జీపీఎల్ అను అనుమతిపత్రము క్రింద వెలువడినది. దీనితో వస్తువు చేసి అమ్ముకొనుటకు ఎవరికైనను హక్కు కలదు గాని, అమ్మినవాడు తాను చేసిన మార్పుల మూలమును, అనగా సోర్సు కోడును, కూడ కొన్నవానికి ఈయవలెను. కొందరు తయారీదారులు ఫలమును భుజించి షరతును మరచిరి. అట్టివారి పేర్లను క్యూఎంకే నిర్వాహకులు పట్టికగా ప్రకటింపవలసి వచ్చినది. ఇది కాగితపు అపరాధమని తేలికగా త్రోసిపుచ్చువారున్నారు. ఆ మూలము లేనిచో, కంపెనీ ఆ వస్తువును విడిచిపెట్టిన మరునాడు, కొన్నవాని చేతిలో నున్నది మరల మునుపటి మూగపలకయే యగునని వారు గమనింపవలెను.

తెలుగువానికి ఇందుతో ప్రమేయము, నా దృష్టిలో, ఇంగ్లీషువానికంటె ఎక్కువ. భారతప్రభుత్వము 1980లలో రూపొందించి 1991లో జాతీయప్రమాణముగా స్థిరపరచిన ఇన్‌స్క్రిప్టు అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికిని, మ, న, వ వంటి కొలదివానిని మినహాయించి హల్లులు కుడిచేతికిని వచ్చును. అజంతమైన మన భాషలో హల్లు వెంట అచ్చు నడచుచుండును గనుక, పొల్లు గుర్తుకూడ ఎడమచేతి నడిమివ్రేలి క్రిందనే యుండును గనుక, రెండు చేతులును వంతులువేసికొని పనిచేయును. క్వర్టీ వరుసలో ఇంగ్లీషు వ్రాయువానికి ఈ భాగ్యము లేదు. అయినను చిక్కొకటి కలదు. మామూలు కోర్నె కీబోర్డున ఉన్నవి 42 మీటలు మాత్రమే. అంకెల వరుస లేదు; పీ మీటకు కుడిప్రక్కనుండు చదరపు బ్రాకెట్ల మీటలును లేవు. ఇన్‌స్క్రిప్టులో డకారము ఎడమ బ్రాకెట్టు మీదను, ఒత్వము అంకెల వరుసకు మొదటనున్న మీటమీదను, వట్రసుడి సమానపు గుర్తుమీదను ఉన్నవి. కావున ఈ కీబోర్డు మొదటి పొరమీద కొడుకు అని వ్రాయుటకు వీలులేదు. కృష్ణుడు అని వ్రాయుటకును వీలులేదు. నమూనా గీచినవారు తెలుగును తలచుకొనియుండరు, తలచుకొనలేదని వారిని నిందించుటయు న్యాయము కాదు. కాని మూలము మనచేత నున్నది. దకార జకారముల మీటలను ఒక్కమారు కలిపి నొక్కిన డకారము రావలెననియు, ఏత్వపు మీటను ఓత్వపు మీటను కలిపి నొక్కిన ఒత్వము రావలెననియు కొలదిపంక్తులలో వ్రాసి చిప్పునకెక్కించినచో, కొడుకు ఇంటికి వచ్చును.

ఇంతకంటె ముచ్చటైనది ఆటో షిఫ్టు అను సదుపాయము. ఇన్‌స్క్రిప్టులో ఖకారము కావలెనన్న షిఫ్టు పట్టి కకారపు మీట నొక్కవలెను. మాటిమాటికి షిఫ్టునకై చాచుటవలన బాధపడు చిటికెనవ్రేలిని కనికరించి, మీటను 175 మిల్లీసెకన్లకు మించి పట్టియుంచినచో షిఫ్టుతో నొక్కినట్లే యగునని క్యూఎంకేవారు ఏర్పాటు చేసిరి. మన వర్ణమాల వారి తలపున లేదు. అయినను ఫలితము చూడుడు: క పట్టియుంచిన ఖ, ద పట్టియుంచిన ధ, ల పట్టియుంచిన ళ, ర పట్టియుంచిన ఱ, గుడి పట్టియుంచిన ఇకారము. ఊపిరి ఒత్తి వదలి పలికిన అల్పప్రాణము మహాప్రాణమైనట్లు, వ్రేలు నిలిపి నొక్కిన సరళమైన మీట ఒత్తు పలుకుచున్నది. బండిరా అనబోయి బండిఱా అని వ్రాయు ప్రమాదము మొదటి దినములలో తప్పదు. గడువును కొంచెము పెంచుకొనిన అదియు సర్దుకొనును.

దోషములు లేవని కాదు. కంప్యూటరు ఇప్పుడు తెలుగులో నున్నదో ఇంగ్లీషులో నున్నదో సాధారణముగా ఫర్మ్‌వేరునకు తెలియదు. క్యాప్స్ లాకు దీపము వెలిగింపుమనుట వంటి అల్పవార్తలే కంప్యూటరునుండి కీబోర్డునకు చేరును. ఒకే మీటతో తెలుగు పొరను, కంప్యూటరు భాషను కలిపి మార్చు ఏర్పాటు చేసికొనవచ్చును గాని, ఎప్పుడో ఒకప్పుడు రెండింటికి పొత్తు చెడి, పంక్తి పొడవునను అర్థములేని గుర్తులు పడును. ఇక ఈ కీబోర్డులను ప్రేమించువారి సంగతి వేరు: నెలలకొలది అమరిక దిద్దుటయే గాని ఒక్క పుటయైనను వ్రాయనివారు వారిలో లేకపోలేదు. ధరయు సామాన్యుని అందుబాటులో లేదు.

ఫోనులో చెప్పిన వ్రాసిపెట్టు ఈ కాలమున, రోమనులిపిలో కొట్టిన తెలుగగు ఈ కాలమున, ఇంతటి తాపత్రయమేల అనువారికి నా సమాధానమిది. దినమునకు నాలుగు వాక్యములు వ్రాయువానికి ఆ దారులు చాలును. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయముల ముంగిట దస్తావేజులు వ్రాయువారికి, పత్రికల డెస్కులలో అర్ధరాత్రివరకు వార్తలు దిద్దువారికి, డీటీపీ దుకాణములలో పెండ్లిపత్రికలు కూర్చువారికి అవి చాలవు. పూటపూటకు వేలకొలది తెలుగక్షరములు కొట్టు ఆ వ్రేళ్లకై ఏ కంపెనీయు ఒక కీబోర్డు చేయదు, చేసి లాభపడుననియు నేననుకొనను. చీలిక పలకయే కావలెనన్న నియమము కూడ లేదు; క్యూఎంకే నడచు సాధారణాకారపు కీబోర్డులు ఎన్నియో కలవు. తెలుగు విశ్వవిద్యాలయమో, మన ఇంజనీరింగు కళాశాలలో, తెలుగునకు తగిన కొన్ని అమరికలను పరీక్షించి మూలముతోసహా ప్రకటించిన చాలును, తక్కినది వాడుకరులే దిద్దుకొందురు. రెండు తెలుగు రాష్ట్రములలోను ప్రభుత్వము కార్యాలయములకై కీబోర్డులు కొనునప్పుడు, టెండరు షరతులలో ఫర్మ్‌వేరు మూలము ఈయవలెనని ఒక వాక్యము చేర్చవచ్చును. ఫర్మ్‌వేరు మార్చినంతమాత్రమున వారంటీ రద్దు కారాదని రెండవ వాక్యమును కూడ తప్పక చేర్చవలెను. అది లేనిచో సర్కారు ఆస్తిని పాడుచేసితినన్న మెమో వచ్చునేమో యను భయముచేత ఏ గుమాస్తాయు మొదటి వాక్యమును వినియోగించుకొనడు.