బి సెక్షను ఎక్కడ?

ఆదివారం వచ్చిందంటే జిల్లా పత్రికల లోపలి పుటల్లో ఒక ఛాయాచిత్రం ఉండి తీరుతుంది. మూడు వరుసల్లో నిలబడ్డ నడివయస్సు మనుషులు, ముందు శాలువాలు కప్పుకొని కుర్చీల్లో కూర్చున్న వృద్ధ గురువులు, వెనుక ఫ్లెక్సీ మీద 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అన్న అక్షరాలు, దాని కింద ఒక సంవత్సరం. ఊరు మారుతుంది, సంవత్సరం మారుతుంది, వార్త మాత్రం మారదు. పాతికేళ్ళకో ముప్ఫై ఏళ్ళకో కలుసుకున్నారు, చిన్ననాటి ముచ్చట్లు నెమరు వేసుకున్నారు, గురువులను సత్కరించి ఆశీస్సులు పొందారు. ఈ వార్తల మీద చాలాకాలం నాకు ఏ అభ్యంతరమూ లేదు. 2023 జనవరిలో, కనుమ మరునాడు, అటువంటి ఛాయాచిత్రంలోనే రెండో వరుసలో నేనూ నిలబడ్డాను. అభ్యంతరం ఆనాటినుంచి మొదలయింది.

మాది నెల్లూరు సముద్రతీరంలో ఒక పల్లె. మైపాడుకూ కృష్ణపట్నానికీ నడుమ అని చెప్పి ఊరుకుంటాను. పేరు చెప్పకపోవడానికి కారణం, నేను చెప్పబోయే తప్పు ఆ బడిది కాదు, మాది. ఊరికీ సముద్రానికీ మధ్య బకింగ్‌హాం కాలువ, కాలువ దాటితే సరుగుడు తోపులు, తోపులు దాటితే పల్లెకారుల ఇళ్ళు. ఊరికి ఇవతల జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల. 1983 జూన్‌లో ఆరో తరగతిలో చేరి 1988 మార్చిలో పదో తరగతి పరీక్ష రాసిన జట్టు మాది. ముప్ఫై అయిదేళ్ళు నిండుతున్నాయని మిత్రులు పూనుకొన్నారు. మనిషికి రెండు వేల రూపాయలు చందా. హైదరాబాదునుంచి, బెంగుళూరునుంచి వచ్చారు. నేను చెన్నైనుంచి వెళ్ళాను. అమెరికానుంచి ఒకరు దానికోసమే సెలవు పెట్టి వచ్చారు.

పూనుకొన్న మిత్రుల శ్రమను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. షామియానా వేయించడం దగ్గరనుంచి మామిడికాయ వేసిన చేపల పులుసు దాకా ఏ లోపమూ రానివ్వలేదు. మా తెలుగు మాస్టారిని ఇద్దరు మోసుకొచ్చినట్టు పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మమ్మల్నందరినీ కలయజూసి, "నా పిల్లలందరూ స్థిరపడ్డారు. నాకింకేం కావాలి" అన్నారు. చప్పట్లు కొట్టాము. నేనూ కొట్టాను.

ఆ తరువాత పరిచయాలు మొదలయ్యాయి. మనిషికి మూడు నిమిషాలు. పేరు, ఉద్యోగం, ఉంటున్న ఊరు, పిల్లలెందరు, వాళ్ళేం చదివారు, ఎక్కడున్నారు. నా వంతు రావడానికి ఇంకా పదిమంది ఉన్నారనగా టీ తాగుదామని గేటు బయటికి వచ్చాను. అక్కడ రోడ్డుకు అవతల ఒక టీ బంకు ఉంది. గాజు గ్లాసు చేతికిస్తూ బంకు మనిషి, "ఏం సార్, చక్కెర సరిపోయిందా? మీరు మూలింటోళ్ళ అబ్బాయి గదా. లెక్కల నోటు నాకిచ్చేవోడివి నువ్వే" అన్నాడు. ఒకే ఊపిరిలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నాకు అప్పటికి గాని ముఖం ఆనవాలు పట్టలేదు. తొమ్మిది, పది తరగతులు నా పక్కన కూర్చున్నవాడు.

"లోపలికి రాలేదేంరా?" అన్నాను.

"నన్నెవురు పిలిచినారు? టీకి పిలిచినారు. డెబ్బై టీలు, రెండు దఫాలు. నేను పది తప్పినోణ్ణి గదబ్బా, మీ బ్యాచీ కిందికి ఎట్టొస్తాను?"

కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. కూడికలెక్క చెప్పినట్టు చెప్పాడు. నేను గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళాను. నా వంతు వచ్చింది. మూడు నిమిషాలు మాట్లాడాను. గేటు బయట ఎవరున్నారో చెప్పలేదు. నా మాటల్లో పరుషం కనిపిస్తే అది ముందుగా నాకే తగులుతుందని చదువరులు గ్రహించగలరు.

'బ్యాచీ' అన్న మాటను అతడు నాకంటే సరిగా అర్థం చేసుకొన్నాడు. మేము ఫ్లెక్సీ మీద వేసుకొన్న సంవత్సరం బడిలో చేరిన సంవత్సరం కాదు, పరీక్ష గట్టెక్కిన సంవత్సరం. అంటే మేము జరుపుకొన్నది సహాధ్యాయుల కలయిక కాదు, ఉత్తీర్ణుల జాబితా ముప్ఫై అయిదో వార్షికోత్సవం. జపానువాళ్ళు ఇటువంటి కలయికను 'దోసోకై' అంటారు. ఒకే కిటికీ వారి కూడిక అని ఆ అక్షరాలకు అర్థం. ఒకే కిటికీలోంచి వచ్చిన గాలి పీల్చినవారు అందరూ అందులోకి వస్తారు, మార్కుల ప్రసక్తి లేదు. (వాళ్ళు మాత్రం ఆచరణలో అందరినీ పిలుస్తారా అంటే నేను జామీను ఉండలేను. పేరు బాగుందని చెప్పుతున్నాను.) మా కిటికీ పక్కన కూర్చున్నవారు ఎందరు?

ఆరో తరగతిలో మాకు ఎ, బి అని రెండు సెక్షన్లు. పదో తరగతికి వచ్చేసరికి ఒకటే సెక్షను, అందులోనూ బల్లలు మిగిలేవి. మధ్యలో ఒక సెక్షనుకు సెక్షను ఏమయిపోయిందని మాలో ఎవరికీ ముప్ఫై అయిదేళ్ళలో సందేహం రాలేదు.

ఏమయిందో నాకు కొంత గుర్తుంది. 1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. మేము ఏడో తరగతి. బడి మళ్ళీ తెరిచేసరికి పల్లెకారుల పిల్లల్లో చాలామంది రాలేదు. తెప్పలు పోయిన ఇంట్లో, వలలు పోయిన ఇంట్లో పన్నెండేళ్ళ కుర్రవాడంటే ఒక జత చేతులు. వచ్చిన కొద్దిమందిని ఆ వేసవికి ముందు ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష అడ్డగించింది. అప్పట్లో అది మొదటి జల్లెడ, పది రెండోది. మధ్యాహ్నం బడిలో అన్నం లేదు. పక్కనే తమిళనాట 1982లో ఎం.జి.ఆర్. ఆ పథకాన్ని పల్లెపల్లెకూ విస్తరించారు. మన రాష్ట్రంలో బడిలో వండి పెట్టడం 2003లో గాని మొదలు కాలేదు, అదీ ముందు చిన్న తరగతులకే. ఒంటిగంట గంట కొట్టగానే ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ రాకపోవడానికి పెద్ద కారణం అక్కరలేదు. ఇక ఆడపిల్లల సంగతి. వాళ్ళు జాబితాలో ఎప్పుడు తగ్గారో ఎవరమూ లెక్కపెట్టలేదు. ఒక్కొక్కరే, చప్పుడు లేకుండా.

ఆనాడు సాయంత్రం అందరూ కార్లెక్కాక నేను మళ్ళీ టీ బంకు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. రెండు గంటలు. నేను బాకీపడ్డ మూడు నిమిషాల పరిచయం అప్పుడు విన్నాను. అతడు పది తప్పాక రెండుసార్లు కట్టాడు, లెక్కలు పోయాయి. తొంభైల మొదట్లో తీరమంతా రొయ్యల గుంటలు తవ్వుతుంటే కాపలాకు కుదిరాడు. ఆ రోజుల్లో టైగరు రొయ్య బంగారంతో సమానం. కాపలావాడు కూడా నలుగురితో కలిసి అరెకరం గుంట కౌలుకు తీసుకొనే ధైర్యం చేశాడు. 1994–95 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు వచ్చి నాలుగు రోజుల్లో గుంట మొత్తం తేలిపోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంబడి గుంటలు తీసివేయమని తీర్పు చెప్పింది. (దాని అమలు కథ వేరు. ఇక్కడ చెప్పబోతే రామాయణంలో పిడకలవేట అవుతుంది.) అప్పు తీర్చడానికి అతడికి పదకొండేళ్ళు పట్టింది. మా సభలో ఒక మిత్రుడు తాను చదివిన డిగ్రీల పేర్లు చెప్పడానికే మూడు నిమిషాలూ తీసుకొన్నాడు. ఏ జీవితంలో ఎక్కువ చదువు ఉందో నాకు తెలియదు గాని, దేనిలో ఎక్కువ కథ ఉందో తెలుసు.

మిగిలినవారి క్షేమసమాచారాలు కూడా అతడి దగ్గరే ఉన్నాయి. మాతో ఏడుదాకా చదివి, తెలుగు పద్యం ఎత్తుకొంటే మాస్టారే తాళం వేసేంత బాగా పాడే అమ్మాయి ఒకతె ఉండేది. ఎనిమిదిలో చేరలేదు, పెళ్ళి చేశారు. 1992లో దూబగుంటలో మొదలయిన సారా వ్యతిరేక పోరాటం జిల్లా అంతా అంటుకొన్నప్పుడు ఆమెకు ఇరవై ఏళ్ళు. మా పల్లెలో సారా కొట్టు ముందు పొరక పట్టుకొని కూర్చున్న ఆడవాళ్ళలో ఆమె ఒకతె. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడి పాఠాలు తోటివాళ్ళకు చదివి వినిపించిందీ ఆమే. ఏడో తరగతి చదివినది కాబట్టి. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిలిచిపోయింది. చరిత్రపుస్తకాల్లోకి ఎక్కిన ఆ పోరాటంలో ఉన్న మనిషి మా తరగతిది అని ఫ్లెక్సీ వేయించినవారికి తెలియదు, నాకూ తెలియదు. తెలిసినా, ఆమె లేచి నిలబడితే మేము వేసే ప్రశ్న, "ఇప్పుడేం చేస్తున్నారు? పిల్లలెక్కడున్నారు?" అనే గదా!

మరొకడు పల్లెకారుల పిల్లవాడు. 2004 డిసెంబరు 26, అదీ ఆదివారమే, సునామీకి పడవా వలా పోయి ప్రాణంతో బయటపడ్డాడు. ఇంకొకడి పొలం రేవు రోడ్డు కిందికి పోయింది. 2008లో కృష్ణపట్నం రేవు ప్రారంభమయ్యాక అతడు అదే రోడ్డు మీద లారీ తోలాడు. ఈ తీరానికి గత నలభై ఏళ్ళలో జరిగినదంతా ఎవరి ఒంటిమీద జరిగిందో వాళ్ళందరూ మా బి సెక్షనువాళ్ళు. మేము ఊరు విడిచి వెళ్ళినవాళ్ళం. సెలవు పెట్టుకొని వచ్చి చిన్ననాటి సముద్రాన్ని తలచుకొన్నాము.

ఈ విషయం మిత్రులతో ప్రస్తావించాను. 2028లో నలభై ఏళ్ళ సమ్మేళనం ఘనంగా చేయాలని ఇప్పటికే మాటలు సాగుతున్నాయి. ఈసారి జాబితా ఆరో తరగతి ప్రవేశపట్టికనుంచి తీద్దామన్నాను. వచ్చిన సమాధానాల్లో మొదటిది, "వాళ్ళు వస్తే ఇబ్బంది పడతారు." ఇది దయగా వినిపించే మాట. నేను నమ్మను. డెబ్బై టీలు రెండు దఫాలు మోసుకొచ్చి మన చేతికిచ్చినవాడికి లేని ఇబ్బంది పక్కన కుర్చీలో కూర్చుంటే ఎక్కడినుంచి వస్తుంది? ఇబ్బంది మనకు. అతడు పక్కన ఉంటే మన మూడు నిమిషాల ప్రసంగం మనకే కొంత ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. రెండోది, "చందా ఇచ్చుకోలేరు." శాలువాలకూ, జ్ఞాపికలకూ, డ్రోను కెమెరాకూ అయిన ఖర్చు నా దగ్గర రాసి ఉంది. ఆ డ్రోను ఎగరకపోతే ఎందరికి భోజనం పెట్టవచ్చో బ్యాంకులో పనిచేసిన నేను చెప్పగలను. మూడోది, "వాళ్ళను ఎక్కడని వెదకడం?" డల్లాసులో ఉన్నవాణ్ణి వెదికి పట్టుకొన్నవాళ్ళం, కాలువ అవతల ఉన్నవాణ్ణి పట్టుకోలేమా?

ఒక మిత్రురాలు మాత్రం వేరే మాట అన్నది, దానికి నా దగ్గర జవాబు లేదు. "వాళ్ళు రామంటేనో?" అన్నది. రామనే హక్కు వాళ్ళకు ఉంది. పిలవని పేరంటానికి రాకపోవడం వేరు, పిలిచినా రాకపోవడం వేరు అని మాత్రం అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు పిలవడం కూడా మన తృప్తికోసమే కావచ్చు గదా అన్నది. కావచ్చు.

అయినా పోయిన నెల బడికి వెళ్ళాను. ఇప్పటి ప్రధానోపాధ్యాయుడు మంచివారు, నాకంటే చిన్నవారు. బీరువాలోంచి పాత ప్రవేశపట్టిక తీయించారు. అట్ట ఊడింది, చెదలు ఒక మూల తిన్నాయి, వానకు తడిసిన మరకలున్నాయి. ప్రతి పేరుకు ఎదురుగా బడి విడిచిన తేదీ, విడిచిన కారణం అని రెండు గళ్ళున్నాయి. కారణం గడిలో నలుగురైదుగురికి 'పై చదువు' అని ఉంది. చాలామందికి 'దీర్ఘకాలం గైరుహాజరు'. తేదీలు చూస్తే 1984 డిసెంబరు, 1985 జనవరి. ఎర్రసిరాతో ఒకే చేతిరాత, ఒకే రోజు కూర్చుని రాసినట్టు.

పేర్లన్నీ ఎత్తి రాసుకొన్నాను. ఒక్క పేరు దగ్గర ఆగిపోయాను. చివరి బల్లలో యానాది కుర్రవాడు ఒకడుండేవాడు. కాలువగట్టున ఏ బొక్కలో పీత ఉందో, ఏ బొక్కలో పాముందో చూసి చెప్పేవాడు. మాకు ఈత నేర్పిందీ వాడే. వాడి పేరు నాకు గుర్తులేదు. పట్టికలో ఉండవలసిన చోట మరక పడి మొదటి అక్షరం మాత్రం మిగిలింది, 'పో'. పోలయ్యో, పోలేరయ్యో. ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగితే, రికార్డులో ఇంతే ఉందన్నారు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళుతున్నాను. టీ బంకులో అడగాలి, వాడికి తెలిసి ఉంటుంది.