కొత్త క్రిప్టో టోకెన్.. కొన్నారు సరే, అమ్మగలరా?

లాంచ్ అయిన గంటల్లోనే వంద రెట్లు! ఇలాంటి స్క్రీన్‌షాట్లు చూసి కొత్త టోకెన్ కొనేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

2021లో పాపులర్ నెట్‌ఫ్లిక్స్ సిరీస్ పేరుతో వచ్చిన 'స్క్విడ్' టోకెన్ గుర్తుందా? ఒక సెంటు దగ్గర మొదలై, రోజుల్లోనే 2,800 డాలర్లు దాటింది. కానీ కొన్నవాళ్లు అమ్ముదామంటే కుదరలేదు. నవంబర్ 1న నిమిషాల్లోనే ధర దాదాపు జీరో!

అసలు మోసం చార్ట్‌లో కనిపించదు.. టోకెన్ కోడ్‌లో ఉంటుంది. అందుకే మూడు విషయాలు చూడాలి. కొన్నది తిరిగి అమ్ముడవుతోందా? లిక్విడిటీ లాక్ చేశారా? లేదంటే పూల్‌లో డబ్బంతా ఎప్పుడైనా లాగేసుకోవచ్చు. ఎక్కువ టోకెన్లు నాలుగైదు వాలెట్లలోనే ఉన్నాయా? రగ్‌చెక్ లాంటి టూల్స్ వీటిలో కొన్నింటిని చూపిస్తాయి. అలాగని అవి గ్యారంటీ కాదు. టూల్ ఓకే అన్నా, పెద్ద వాలెట్లు ఒక్కసారిగా అమ్మేస్తే ధర కుప్పకూలుతుంది. పైగా స్నైపర్ బాట్‌లు మొదటి సెకన్లలోనే కొనేస్తాయి. మీరు వచ్చేసరికి అవి అమ్మడానికి రెడీగా ఉంటాయి.

మన దగ్గర ఇంకో దెబ్బ కూడా ఉంది. క్రిప్టో లాభంపై 30 శాతం ట్యాక్స్. ఒక టోకెన్‌లో పోయిన డబ్బును ఇంకో టోకెన్ లాభంలోంచి తగ్గించుకోవడానికి వీల్లేదు. అంటే పోయింది పూర్తిగా మీదే.. వచ్చినదాంట్లో మాత్రం వాటా కట్టాల్సిందే!