సింగిల్స్‌లో టాప్ 10.. డబుల్స్‌లో 9 గ్రాండ్‌స్లామ్‌లు: మ్లాదెనోవిచ్ కెరీర్ ఏం చెబుతోంది?

గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు 9. డబుల్స్‌లో వరల్డ్ నంబర్ 1 ర్యాంకు. సింగిల్స్‌లోనూ ఒకప్పుడు టాప్ 10 ప్లేయర్. ఇంత రికార్డు ఉన్నా క్రిస్టినా మ్లాదెనోవిచ్ పేరు చెబితే ఫ్రాన్స్ బయట వెంటనే గుర్తుపట్టేవాళ్లు తక్కువే. కారణం సింపుల్.. ఆ 9 టైటిళ్లూ డబుల్స్‌లో వచ్చినవి.

మరి టెన్నిస్‌లో డబుల్స్‌కు విలువ లేదా? 2025 యూఎస్ ఓపెన్ తర్వాత ఈ ప్రశ్న గట్టిగానే వినిపిస్తోంది. ఆ ఏడాది నిర్వాహకులు మిక్స్‌డ్ డబుల్స్‌ను మెయిన్ టోర్నీకి ముందే 2 రోజుల్లో ముగించేశారు. చోటు 16 జోడీలకే. అందులో 8 జోడీలను సింగిల్స్ ర్యాంకులు చూసి తీసుకున్నారు. మిగతా 8 వైల్డ్‌కార్డులు. డబుల్స్‌నే నమ్ముకున్న ప్లేయర్లలో ఎక్కువమంది బయటే ఉండిపోయారు. మ్లాదెనోవిచ్ కెరీర్‌ను ఒకసారి వెనక్కి తిప్పి చూస్తే, వాళ్ల ఆవేదనలో అర్థం ఉందనిపిస్తుంది.

మొదటి మెట్టు మిక్స్‌డ్ డబుల్సే

మ్లాదెనోవిచ్ 1993 మేలో ఉత్తర ఫ్రాన్స్‌లోని డంకర్క్ పక్కన ఉన్న సెయింట్ పోల్ సుర్ మేర్‌లో పుట్టింది. తల్లిదండ్రులది ఒకప్పటి యుగోస్లావియా. నాన్న హ్యాండ్‌బాల్ ప్లేయర్, అమ్మ వాలీబాల్ ప్లేయర్. 2009లో ఫ్రెంచ్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలవడంతో ఫ్రాన్స్ మొత్తం ఆమె మీద ఆశలు పెట్టుకుంది.

కానీ సీనియర్స్‌లో ఆమెకు మొదటి పెద్ద విజయం తెచ్చింది సింగిల్స్ కాదు. 2013 వింబుల్డన్‌లో కెనడాకు చెందిన డేనియల్ నెస్టర్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. అప్పటికి ఆమె వయసు 20, నెస్టర్ వయసు 40. ఆరు నెలలకే ఇదే జోడీ 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా కొట్టేసింది. ఆ ఫైనల్ మన తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఓడిన జోడీలో ఉన్నది మన హైదరాబాదీ సానియా మీర్జా. సానియా, హోరియా టెకావ్ జోడీ 3-6, 2-6తో ఓడింది.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. నెస్టర్ పూర్తిగా డబుల్స్ స్పెషలిస్ట్. సింగిల్స్ ర్యాంకు చూసి ఎంట్రీ ఇచ్చే రూల్ అప్పట్లో ఉండి ఉంటే, ఈ జోడీకి నేరుగా చోటే దక్కేది కాదు. ఒక యువ ప్లేయర్‌ను పెద్ద వేదిక మీద నిలబెట్టిన తలుపు అది. ఇప్పుడు యూఎస్ ఓపెన్‌లో మూసుకుపోతున్నదీ అదే.

45 ఏళ్ల తర్వాత ఫ్రాన్స్ జోడీ

2016లో మ్లాదెనోవిచ్, కరోలిన్ గార్సియా చేతులు కలిపారు. చార్లెస్టన్, స్టట్‌గార్ట్, మాడ్రిడ్.. క్లే కోర్టు మీద వరుస టైటిళ్లు. ఆ ఊపులోనే ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో రష్యా జోడీ మకరోవా, వెస్నినాను మూడు సెట్లలో ఓడించారు. సొంతగడ్డపై ఫ్రాన్స్ మహిళల జోడీ ఈ టైటిల్ గెలవడం 1971 తర్వాత అదే మొదటిసారి.

అయితే ఈ జోడీ ఎక్కువ కాలం నిలవలేదు. అదే ఏడాది యూఎస్ ఓపెన్ ఫైనల్లో ఓటమి. నవంబర్‌లో చెక్ రిపబ్లిక్‌తో ఫెడ్ కప్ ఫైనల్.. 2-2 దగ్గర నిర్ణాయక డబుల్స్‌లోనూ ఓటమే. 2017 మొదట్లో గార్సియా ఇక సింగిల్స్ మీదే దృష్టి పెడతానని చెప్పేసింది. ఫెడ్ కప్ టీమ్ విషయంలో గొడవ ముదిరి సోషల్ మీడియాకెక్కింది. ఇద్దరి మధ్య మాటలు తగ్గాయి.

గార్సియాది తప్పు అనలేం. సింగిల్స్‌లో ర్యాంకు పెరిగితే డబ్బు, పేరు, స్పాన్సర్లు అన్నీ వస్తాయి. డబుల్స్‌కు సమయం పెడితే శరీరం అలసిపోతుంది, సింగిల్స్ దెబ్బతింటుంది. ఈ లెక్కే ఎన్నో మంచి జోడీలను విడగొడుతోంది.

సింగిల్స్‌లో 15 వరుస ఓటములు.. డబుల్స్‌లో టైటిల్

మ్లాదెనోవిచ్ కూడా సింగిల్స్ కలను వదులుకోలేదు. 2017లో సెయింట్ పీటర్స్‌బర్గ్ టైటిల్ గెలిచింది. స్టట్‌గార్ట్, మాడ్రిడ్ ఫైనల్స్ ఆడింది. ఫ్రెంచ్ ఓపెన్‌లో డిఫెండింగ్ చాంపియన్ ముగురుజాను ఇంటికి పంపింది. అక్టోబర్‌లో వరల్డ్ నంబర్ 10 అయ్యింది.

విచిత్రం ఏంటంటే, ఆ ర్యాంకు వచ్చేసరికే ఆమె ఓడటం మొదలైపోయింది. 2017 రెండో సగం నుంచి వరుసగా 15 సింగిల్స్ మ్యాచ్‌లు చేజారాయి. 2018 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో తొలి రౌండ్‌లోనే ఔట్. కానీ అదే మెల్‌బోర్న్‌లో, అదే టోర్నీలో, హంగరీకి చెందిన టిమియా బాబోస్‌తో కలిసి డబుల్స్ ట్రోఫీ ఎత్తింది!

ఒకే ప్లేయర్, ఒకే రాకెట్.. ఫలితాల్లో ఇంత తేడా ఎందుకు? సింగిల్స్‌లో సర్వీస్ తడబడితే, డబుల్ ఫాల్ట్‌లు పెరిగితే ఆదుకునేవాళ్లు ఉండరు. డబుల్స్‌లో పక్కన మనిషి ఉంటుంది. పైగా మ్లాదెనోవిచ్ ఎత్తు 1.84 మీటర్లు. నెట్ దగ్గర నిలబడితే ఎదుటివాళ్లకు బంతి దాటించే దారి దొరకదు. వాలీ, డ్రాప్ షాట్, ప్రత్యర్థి ఎటు కొడుతుందో ముందే పసిగట్టడం.. ఇవన్నీ డబుల్స్‌లో నేరుగా పాయింట్లు తెస్తాయి. అందుకే డబుల్స్‌ను సింగిల్స్‌లో సగం ఆటగా చూడటం సరికాదు. దాని నైపుణ్యాలు వేరు.

బాబోస్‌తో వీళ్ల లెక్క చూడండి. 2018, 2020 ఆస్ట్రేలియన్ ఓపెన్లు, 2019, 2020 ఫ్రెంచ్ ఓపెన్లు.. మొత్తం 4 గ్రాండ్‌స్లామ్‌లు. వీటికి తోడు 2018, 2019లో డబ్ల్యూటీఏ ఫైనల్స్ టైటిళ్లు. 2019 జూన్‌లో మ్లాదెనోవిచ్ వరల్డ్ నంబర్ 1 కుర్చీ ఎక్కింది.

పెర్త్‌లో ఒక్కటైన జోడీ

2019 నవంబర్. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఫెడ్ కప్ ఫైనల్. మొదటి రోజు ఆష్లీ బార్టీ చేతిలో గార్సియా 0-6, 0-6తో చిత్తయ్యింది. మ్లాదెనోవిచ్ మాత్రం టోమ్లనోవిచ్‌ను ఓడించడంతో ఆ రోజు స్కోరు 1-1గా నిలిచింది. రెండో రోజు అప్పటి సింగిల్స్ నంబర్ 1 బార్టీని మూడో సెట్ టైబ్రేక్‌లో దెబ్బకొట్టింది. మళ్లీ 2-2. మళ్లీ నిర్ణాయక డబుల్స్.

అప్పుడు కోర్టులోకి దిగింది ఎవరో తెలుసా? విడిపోయిన గార్సియా, మ్లాదెనోవిచ్‌లే. బార్టీ, స్టోసర్ జోడీపై 6-4, 6-3తో గెలిచారు. ఫ్రాన్స్‌కు 2003 తర్వాత వచ్చిన కప్ అది. మూడు పాయింట్లలోనూ మ్లాదెనోవిచ్ చెయ్యి ఉంది. 2016లో చేజారిన మ్యాచ్‌కు మూడేళ్ల తర్వాత బదులు దొరికింది.

న్యూయార్క్‌లో చేదు అనుభవం

2020 యూఎస్ ఓపెన్ మాత్రం పీడకలే. ఫ్రాన్స్ ప్లేయర్ బెనోయిట్ పెయిర్‌కు కోవిడ్ పాజిటివ్ రావడంతో, అతడితో కాంటాక్ట్‌లో ఉన్నవాళ్ల లిస్టులో మ్లాదెనోవిచ్ పేరు చేరింది. ఆంక్షల మధ్యే ఆడిన సింగిల్స్ రెండో రౌండ్‌లో 6-1, 5-1 ఆధిక్యం నుంచి ఓడిపోయింది. తర్వాత స్థానిక ఆరోగ్య శాఖ క్వారంటైన్ నోటీసుతో, టాప్ సీడ్‌గా ఉన్న డబుల్స్ జోడీనే టోర్నీ నుంచి తప్పించారు. బాబోస్ కూడా ఆమెతో పాటే బయటకు రావాల్సి వచ్చింది. డబుల్స్‌లో ఒకరి కష్టం ఇద్దరిదీ! కొన్ని వారాలకే పారిస్‌లో ఇద్దరూ టైటిల్ నిలబెట్టుకున్నారు.

2022లో మ్లాదెనోవిచ్ ముందు ఇవాన్ డోడిగ్‌తో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచింది. ఇదే డోడిగ్ గతంలో సానియాకు పార్ట్‌నర్. జూన్‌లో వైల్డ్‌కార్డ్‌తో వచ్చిన గార్సియా, మ్లాదెనోవిచ్ జోడీ కోకో గాఫ్, జెస్సికా పెగులాను ఓడించి మళ్లీ ఫ్రెంచ్ ఓపెన్ చాంపియన్ అయ్యింది. ఆ ఏడాది చివరికి గార్సియా సింగిల్స్‌లో డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచి నంబర్ 4కు చేరింది. మ్లాదెనోవిచ్ సింగిల్స్ ర్యాంకు అప్పటికి టాప్ 100 దాటిపోయింది.

డబ్బు లెక్క ఏం చెబుతోంది?

2025 యూఎస్ ఓపెన్‌లో సింగిల్స్ విజేతకు 50 లక్షల డాలర్లు. మహిళల డబుల్స్ గెలిచిన జోడీకి 10 లక్షల డాలర్లు, అదీ ఇద్దరూ పంచుకోవాలి. అంటే మనిషికి దక్కేది సింగిల్స్ విజేతకు వచ్చేదాంట్లో పదో వంతు. కోచ్, ఫిజియో, ప్రయాణం.. ఖర్చులు మాత్రం ఇద్దరికీ దాదాపు ఒకటే.

నిర్వాహకుల వాదనా కొట్టిపారేసేది కాదు. స్టార్లు ఆడితే స్టేడియం నిండుతుంది, టీవీలో జనం చూస్తారు. మిక్స్‌డ్ విజేతల ప్రైజ్‌మనీని 2 లక్షల నుంచి 10 లక్షల డాలర్లకు పెంచగలిగింది కూడా అందుకే. కానీ ఆ కొత్త ఫార్మాట్‌లో చివరికి గెలిచింది ఎవరు? వైల్డ్‌కార్డ్‌తో వచ్చిన ఇటలీ జోడీ ఎరానీ, వవసోరి. ఫైనల్లో వాళ్ల ముందు ఓడింది సింగిల్స్ స్టార్లు స్వియాటెక్, రూడ్. డబుల్స్ వేరే విద్య అని కోర్టే తేల్చి చెప్పింది.

సానియా కథ కూడా ఇదే చెబుతుంది. సింగిల్స్‌లో ఆమె బెస్ట్ ర్యాంకు 27. గాయాలతో అక్కడ ఆగిపోయి ఉంటే మనకు మిగిలేది అంతే. డబుల్స్ ఉంది కాబట్టే 6 గ్రాండ్‌స్లామ్‌లు, 2015లో నంబర్ 1 ర్యాంకు వచ్చాయి.

స్టార్లను డబుల్స్‌కు రప్పించడంలో తప్పు లేదు. స్పెషలిస్టులను బయటకు పంపి ఆ పని చేస్తేనే సమస్య. డబుల్స్ ర్యాంకుకు కూడా ఎంట్రీలో కొన్ని చోట్లు ఉంచితే రెండూ సాగుతాయి. లేదంటే రేపు 20 ఏళ్ల మ్లాదెనోవిచ్‌కు 40 ఏళ్ల నెస్టర్ దొరకడు. సింగిల్స్‌లో వరుసగా 15 మ్యాచ్‌లు ఓడిన అమ్మాయి, అదే ఊళ్లో ట్రోఫీ ఎత్తే కథ కూడా మనం చూడలేం.